పాప మెల్లకన్ను ఆపరేషన్: చదువు కోసం దాచిన సొమ్ము తీయాలా?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. ఎడమ కన్ను మెల్ల. అద్దాలు పెట్టినా, బాగున్న కంటిని మూసే ప్యాచ్ వేసినా పూర్తిగా తగ్గలేదు. చిన్న ఆపరేషన్ అవసరమని, రెండు నెలల్లోపు చేయిస్తే మంచిదని డాక్టర్ అన్నారు. మా కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఆరోగ్య బీమా ఉంది. సొంతంగా తీసుకున్న ఫ్యామిలీ ఫ్లోటర్‌లో (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ) వెయిటింగ్ పీరియడ్, అంటే కొన్ని జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని తొలి గడువు, ఇంకో ఏడాది మిగిలింది. వచ్చే నెల ఉద్యోగం మారుతున్నాను. ఆ ఏడాది ఆగమంటారా, పాప చదువు కోసం దాచింది తీయమంటారా?

జవాబు: ఆగొద్దు. పిల్లలకు చూపు కుదురుకునేది దాదాపు ఏడెనిమిదేళ్ల లోపే. మెల్ల ఉన్న కన్ను పంపే దృశ్యాన్ని మెదడు పక్కన పెట్టేయడం అలవాటైతే ఆ కన్ను లేజీ ఐగా (చూపు మందగించిన కన్నుగా) మారుతుంది. తర్వాత ఎంత ఖర్చుపెట్టినా ఆ చూపు పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. తేదీ చెప్పాల్సింది డాక్టర్. ఆ తేదీకి డబ్బు సర్దడమే మన పని.

కంపెనీ గ్రూప్ బీమా ఉంది కాబట్టి, నిజానికి మీకు పెద్ద చిక్కు సొంత పాలసీ వెయిటింగ్ పీరియడ్‌తో కాదు, ఉద్యోగం మారడంతో. గ్రూప్ బీమా సాధారణంగా చివరి పనిదినంతోనే ఆగిపోతుంది. కొత్త కంపెనీ బీమాలో పాప పేరు ఎక్కడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఆపరేషన్ ఆ మధ్యలో పడితే బిల్లంతా మీదే. పాత కంపెనీలో ఉండగానే, చివరి రోజుకు కనీసం మూడు వారాల ముందు తేదీ దొరుకుతుందేమో అడగండి. ఆ మూడు వారాలు ఎందుకంటే, పిల్లలకు ఈ ఆపరేషన్ పూర్తి మత్తులో చేస్తారు. దగ్గు, జలుబు, జ్వరం ఉంటే మత్తు డాక్టర్ ఒప్పుకోరు, తగ్గాక కూడా కొన్నాళ్లు ఆగమంటారు. ఆ రోజు పొద్దున ఎవరో ముద్దు చేసి పాలు పట్టించినా వాయిదానే. ఘనాహారం, డబ్బా పాలు ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపడం సాధారణ నియమం. మీ ఆసుపత్రి చెప్పిన సమయాలనే పాటించండి. వాయిదా పడితే, ఆపరేషన్‌కు ముందే బీమా కంపెనీ నుంచి తీసుకునే అనుమతి గడువు కూడా చూసుకోవాలి, దాటిపోతే మళ్లీ తీసుకోవాలి.

అనుమతి కోసం పంపే కాగితంలో ఒక్క మాట తేడా వచ్చినా క్లెయిమ్ ఇరుక్కుంటుంది. మెల్లకన్ను ఆపరేషన్‌ను అందం కోసం చేయించుకునేదిగా లెక్కేసి తిరస్కరించే ప్రమాదం ఉంది. చూపు కాపాడటానికి, రెండు కళ్లూ కలిసి పనిచేయడానికి ఇది అవసరమని డాక్టర్ లేఖలో స్పష్టంగా ఉండాలి. ఇప్పటిదాకా వాడిన అద్దాల, ప్యాచ్ చీటీలు జతచేయండి. ఇంకొకటి: మెల్ల ఒక కంటిదే అయినా సరిచేయడానికి రెండు కళ్ల కండరాలనూ ముట్టుకోవాల్సి రావచ్చు. అనుమతిలో ఎడమ కన్ను అని, డిశ్చార్జ్ సమ్మరీలో రెండు కళ్లు అని ఉంటే బీమా వాళ్లు కొర్రీ వేస్తారు. ఏ కంటిలో ఎన్ని కండరాలన్నది సర్జన్‌ను ముందే అడిగి, అంచనా బిల్లులోనూ అలాగే రాయించండి.

పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తారు కాబట్టి ఇది డేకేర్ కిందికి వస్తుంది. పాలసీలో డేకేర్ ఉందా, పుట్టుకతో వచ్చిన లోపాలకు మినహాయింపు ఉందా అన్నది హెచ్‌ఆర్ దగ్గర మాటగా కాక మెయిల్‌లో తీసుకోండి.

ఇక చదువు సొమ్ము. దాన్ని కదపొద్దు. అంచనా బిల్లుకు పావు వంతు కలిపి, అత్యవసర నిధిలోంచి పక్కన పెట్టండి. క్యాష్‌లెస్ (బీమా కంపెనీయే ఆసుపత్రికి నేరుగా చెల్లించడం) దొరికినా అడ్వాన్స్ కట్టమనొచ్చు, రీయింబర్స్‌మెంట్ (ముందు మీరు కట్టి తర్వాత రాబట్టుకోవడం) అయితే డబ్బు తిరిగొచ్చేదాకా మీరే మోయాలి. నిధి చాలకపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద అప్పు తీసుకోండి. క్లెయిమ్ రాగానే తీర్చేస్తే ఆ కొద్దికాలపు వడ్డీతో పోతుంది. క్రెడిట్ కార్డు వాయిదాల జోలికి వెళ్లొద్దు.

ఆపరేషన్‌తో ఖర్చు ఆగదన్నది చాలామంది లెక్కలోకి రాదు. కొన్ని వారాల చుక్కల మందు, మొదటి వారం చెకప్, తర్వాత నెలల తరబడి చెకప్‌లు ఉంటాయి. కన్ను నిటారుగా వచ్చినా లేజీ ఐ ఉంటే ప్యాచ్ కొనసాగుతుంది. అద్దాల పవర్ మారుతుంది, నాలుగేళ్ల పిల్ల వాటిని విరగ్గొడుతుంది కూడా. అద్దాలకు మామూలు బీమా డబ్బివ్వదు. కొందరు పిల్లలకు రెండోసారి ఆపరేషన్ కావాల్సి వస్తుంది. అందుకే నెల బడ్జెట్‌లో పాప కంటికని ఒక చిన్న పద్దు కనీసం రెండేళ్లు నడపండి.

సొంత పాలసీని మాత్రం వదిలేయకండి. రెండో ఆపరేషన్ వస్తే అప్పటికి వెయిటింగ్ పీరియడ్ ముగిసి అదే అక్కరకు రావచ్చు. అయితే పాలసీ తీసుకునేనాటికే మెల్ల సంగతి తెలిసి ఫారంలో రాయకపోయి ఉంటే, రెన్యువల్‌దాకా ఆగకుండా ఇప్పుడే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. క్లెయిమ్ వేశాక బయటపడితే అదే సాకుతో తిరస్కరించవచ్చు.