డేటాబేస్ సందేహాలు: తేడా వచ్చినా జాబ్ 'సక్సెస్' అంటోంది

ప్రశ్న: మాది కర్నూలులో ఉల్లి కమీషన్ మండీ. ఆ రోజు తూకం చీటీలను రాత్రి 11.45కు ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్ (చెప్పిన వేళకు పనులు నడిపే ప్రోగ్రామ్) జాబ్ ఖాతాలకు ఎక్కిస్తుంది. స్టెప్పు ఒక్కటే. అందులో నాలుగు ముక్కలు, మధ్యమధ్యలో 'గో'. చీటీల మొత్తం, తూకాల మొత్తం కలవకపోతే ఆగాలని రెండో ముక్కలో 'ప్రింట్', 'రిటర్న్' పెట్టాం. మొన్న తేడా వచ్చినా మూడు, నాలుగు ముక్కలు నడిచాయి. జాబ్ 'సక్సెస్' అంది. పొద్దున చీటీలు సరిచేసి మళ్ళీ నడిపితే రైతులకు ఇవ్వాల్సిన మొత్తాలు రెట్టింపయ్యాయి. ఎక్కడ పొరపాటు?

జవాబు: పొరపాటు 'గో' దగ్గర మొదలైంది. అది ఎస్‌క్యూఎల్ ఆజ్ఞ కాదు. 'ఇక్కడిదాకా ఒక బ్యాచ్‌గా పంపు' అని స్క్రిప్టు పంపే ప్రోగ్రామ్‌కు పెట్టే గుర్తు. 'రిటర్న్' తానున్న బ్యాచ్‌ను మాత్రమే ముగిస్తుంది, తర్వాతి బ్యాచ్ మామూలుగా మొదలవుతుంది. 'ప్రింట్' ఎర్రర్ కాదు కాబట్టి ఏజెంట్‌కు ఏ లోపమూ కనబడలేదు. ఆపాలంటే 'త్రో'తో ఎర్రర్ లేవదీయాలి.

నాలుగు ముక్కలను నాలుగు జాబ్ స్టెప్పులుగా విడగొడదామని అనిపిస్తుంది. మేమైతే వద్దంటాం. ఒక్కో స్టెప్పు ఒక్కో కొత్త కనెక్షన్. మొదటి స్టెప్పులో చేసిన '#' తాత్కాలిక టేబుల్ రెండోదానికి కనబడదు. నాలుగు పనులకు నాలుగు స్టోర్డ్ ప్రొసీజర్లు (డేటాబేస్‌లోనే పేరుపెట్టి దాచుకునే కోడ్), వాటిని వరుసగా పిలిచే పెద్ద ప్రొసీజర్ ఒకటి రాసుకోండి. స్టెప్పులో ఆ పెద్దదాన్ని పిలిచే ఒక్క లైను చాలు. దీనివల్ల ఇంకో మేలు ఉంది. ఏజెంట్ స్టెప్పుల్లో 'కోటెడ్ ఐడెంటిఫయర్' (డబుల్ కోట్లలోని మాటను పేరుగా చదవాలనే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంటుంది. ఫిల్టర్ ఉన్న ఇండెక్స్ (కొన్ని వరుసలకే వర్తించేది) టేబుల్ మీద ఉంటే, ఆ సెట్టింగ్ ఆఫ్‌లో ఉన్నందువల్ల చేత్తో నడిపినప్పుడు పనిచేసిన ఇన్సర్ట్ రాత్రి 1934 ఎర్రర్‌తో పడిపోతుంది. ప్రొసీజర్ మాత్రం తనను సృష్టించినప్పటి సెట్టింగ్‌నే వాడుకుంటుంది.

పెద్ద ప్రొసీజర్ పైన 'సెట్ ఎక్స్‌యాక్ట్_అబార్ట్ ఆన్' రాయండి. అది లేకపోతే కన్‌స్ట్రెయింట్ (టేబుల్‌కు పెట్టిన నియమం) తప్పినప్పుడు ఆ ఒక్క స్టేట్‌మెంటే రద్దవుతుంది, ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదనే పనుల కట్ట) తెరిచే ఉంటుంది. పనంతా 'ట్రై'లో పెట్టి, ఎర్రర్ వస్తే నడిచే 'క్యాచ్'లో ముందు 'రోల్‌బ్యాక్' (చేసింది వెనక్కి తీసుకోవడం), తర్వాత లాగ్ టేబుల్‌లో ఒక వరుస, చివర ఏమీ జోడించకుండా 'త్రో'. ఈ క్రమం తప్పకూడదు. లాగ్ ముందు రాస్తే అది మిగలదు. 'త్రో' మరిచిపోతే ఎర్రర్ 'క్యాచ్'లోనే అణిగిపోయి జాబ్ మళ్ళీ సక్సెస్ అంటుంది. 'త్రో'కు ముందున్న స్టేట్‌మెంట్ చివర సెమికోలన్ ఉండాలి.

ఇక రెట్టింపు సంగతి. 'బాకీ = బాకీ + నేటి మొత్తం' అని రాసిన అప్‌డేట్‌ను ఎన్నిసార్లు నడిపితే అన్నిసార్లు కూడుతుంది. దాని బదులు ఆ తేదీ పద్దులను తీసేసి కొత్తగా ఎక్కించండి, రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో. బాకీని పద్దుల మొత్తంగా లెక్కగట్టండి. చీటీ నంబరు, పద్దు రకం కలిపి యూనిక్ ఇండెక్స్ ఉంటే, కోడ్‌లో ఏం తప్పున్నా ఒకే చీటీ రెండోసారి ఎక్కదు.

మీరు అడగకపోయినా ఒక మాట. జాబ్ 11.45కు మొదలవుతోంది. ప్రతి ముక్కలో విడిగా 'గెట్‌డేట్' (ఆ క్షణపు తేదీ, సమయం ఇచ్చేది) వాడి ఉంటే, 12 దాటాక నడిచే ముక్క రేపటి తేదీని పట్టుకుంటుంది. తేదీని మొదట్లో ఒక్కసారి నిర్ణయించి, నాలుగు ప్రొసీజర్లకూ పారామీటర్‌గా ఇవ్వండి. పాత తేదీకి మళ్ళీ నడపాల్సి వచ్చినా అదే దారి. స్టేజింగ్ టేబుల్‌ను (ఖాతాలకు ఎక్కించే ముందు చీటీలను ఉంచే టేబుల్) పని ముగిశాక కాకుండా మరుసటి రాత్రి మొదట్లో ఖాళీ చేయండి. పొద్దున తేడా వెతకడానికి డేటా అక్కడే ఉంటుంది.

జాబ్ హిస్టరీని నమ్ముకోవద్దు. సెట్టింగ్ మార్చకపోతే ఏజెంట్ ఒక్కో జాబ్‌కు 100 వరుసలు, మొత్తం జాబ్‌లకు 1000 వరుసలే ఉంచుతుంది.

ప్రశ్న: అనంతపురంలో మా పోస్ట్‌గ్రెస్ స్క్రిప్టును క్రాన్‌తో (వేళకు పనులు నడిపే లైనక్స్ ప్రోగ్రామ్) నడుపుతున్నాం. మధ్యలో ఎర్రర్ వచ్చినా కింది లైన్లు నడుస్తున్నాయి.

జవాబు: స్క్రిప్టును పోస్ట్‌గ్రెస్‌కు పంపే 'పీఎస్‌క్యూఎల్' ప్రోగ్రామ్ మామూలుగా అలాగే చేస్తుంది. 'ఆన్_ఎర్రర్_స్టాప్'ను 1 చేస్తే ఆగుతుంది, ఎగ్జిట్ కోడ్ 3 వస్తుంది. షెల్ స్క్రిప్టులో దాన్నే చూడండి. 'సింగిల్ ట్రాన్సాక్షన్' ఆప్షన్ కూడా ఇస్తే అప్పటిదాకా జరిగింది వెనక్కి పోతుంది. పాస్‌వర్డ్‌ను హోమ్ డైరెక్టరీలోని '.పీజీపాస్' ఫైల్‌లో ఉంచితే, దాని అనుమతులు 0600 ఉండాలి. అంతకంటే వదులుగా ఉంటే ఆ ఫైల్‌ను పట్టించుకోదు.

ప్రశ్న: మైఎస్‌క్యూఎల్‌లో ట్రాన్సాక్షన్ లోపల 'ట్రంకేట్' (టేబుల్‌ను ఒక్కసారిగా ఖాళీ చేసే ఆజ్ఞ) చేశాం. రోల్‌బ్యాక్ చేసినా డేటా రాలేదు. (ప్రొద్దుటూరు, కడప జిల్లా)

జవాబు: రాదు. మైఎస్‌క్యూఎల్‌లో 'ట్రంకేట్' తనంతట తానే కమిట్ చేస్తుంది, దానికి ముందు చేసిన మార్పులు కూడా ఖాయమైపోతాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో, పోస్ట్‌గ్రెస్‌లో వెనక్కి తీసుకోవచ్చు. మీ దగ్గర 'డిలీట్' వాడండి, లేదా 'ట్రంకేట్'ను ట్రాన్సాక్షన్ మొదలుకాకముందే చేయండి.