పాత ఇంగ్లీషు పత్రికల బొమ్మల్లో రంగులు అప్పటివేనా?

చాలామటుకు కావు, 1842లో మొదలైన ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్, 1869లో వచ్చిన గ్రాఫిక్ లాంటి వారపత్రికల్లో బొమ్మలు మామూలుగా నల్ల సిరాతోనే అచ్చయ్యేవి, రంగులు తర్వాత ఎవరో చేత్తో వేసినవి.

బాక్స్‌వుడ్ అనే గట్టి కర్రను అడ్డంగా కోసి, ఆ ముఖం మీద బొమ్మ చెక్కేవారు. తెల్లగా ఉండాల్సిన చోటల్లా తొలిచేసి, నల్లగా పడాల్సిన గీతను ఎత్తుగా వదిలేవారు. సీసపు అక్షరాలూ అలాగే ఎత్తుగా ఉంటాయి కాబట్టి వార్తా బొమ్మా ఒకే సిరాతో కలిపి అచ్చయ్యేవి. ఆ చెట్టు మాను సన్నం. పెద్ద బొమ్మ కావాలంటే చిన్న ముక్కల్ని బోల్టులతో బిగించాలి. కొన్నిటిలో నిలువునా సన్నటి తెల్లగీత కనిపించేది ఆ అతుకే. ఇక వారం వారం వేల కాపీలకు రంగుల అచ్చంటే మాటలా? క్రిస్మస్ అనుబంధాల్లాంటి వాటికే ఆ ముచ్చట.

విజయనగరంలో ఎవరైనా 1877 నాటి మద్రాసు కరువు బొమ్మను రంగుల్లో అమ్మజూపారనుకోండి. భూతద్దం పెట్టి చూడండి. నల్లగీతలు తెగకుండా ఉండి, రంగు అక్కడక్కడా గీత దాటి పాకితే చేత్తో వేసిందే. బొమ్మంతా సన్నటి రంగు చుక్కలే అయితే అది తర్వాతి కాలపు కాపీ. గోడకి బాగుంటుందనుకుంటే కొనుక్కోండి గానీ, పాతదాని ధర మాత్రం ఇవ్వకండి.

వెనకవైపు అక్షరాలుంటే నకిలీ అని చాలామంది పొరపాటు పడతారు. అది పత్రికలోంచి తీసిన పేజీ, వెనక వార్తలుండటం మామూలే.