ఆ సినిమాలో నాన్న మళ్ళీ కనిపించడు

ప్రశ్న: చిన్నప్పుడు క్యాసెట్లో చూసిన ‘ది నెవర్‌ఎండింగ్ స్టోరీ’ సినిమా అంటే నాకు ప్రాణం. మొన్న సెలవుల్లో మా తొమ్మిదేళ్ళ పాపకి చూపించాను. గుర్రం ఊబిలో మునిగిపోయే సీను దగ్గర వెక్కి వెక్కి ఏడ్చి టీవీ కట్టేసింది, ఆ రాత్రి నన్ను పట్టుకుని పడుకుంది. పసిపిల్లకి చూపించేది ఇదా అని మా అత్తగారు నన్నే కేకలేశారు. తర్వాత నేనొక్కదాన్నే కూచుని మిగతాది చూస్తే నాకూ ఏదో వెలితిగా అనిపించింది. చివర్లో హడావిడిగా ముగించేసినట్టుంది. చిన్నప్పుడు అంత నచ్చిన సినిమా ఇప్పుడెందుకిలా ఉంది? పుస్తకం రాసినాయనకే ఇది నచ్చలేదట, నిజమేనా? పాపకి మిగతాది చూపించాలా, వద్దా?
– ఒక పాఠకురాలు, పోరూరు, చెన్నై

జవాబు: ముందు పాప సంగతి చెప్తానమ్మా. చూపించండి. ఆ గుర్రం, ఆర్టాక్స్, సినిమా ఆఖర్న మళ్ళీ కనిపిస్తుంది, దాని మీద తిరిగే వీరుడు కుర్రాడు అట్రేయు మళ్ళీ దాని మీదెక్కి దౌడు తీస్తాడు. ఈ మాట పాపకి ముందే చెప్పేయండి. కథ తెలిసిపోతే చూడ్డంలో మజా ఉండదని అనుకోకండి, ఇప్పుడు ఆ పిల్లకి గుర్రం బతుకుతుందా లేదా అన్నదొక్కటే కథ, అది తేలేదాకా ఆ పసి మనసుకి ఇంకేదీ ఎక్కదు. అత్తగారికి కూడా చెప్పండి, కథలో గుర్రం కోసం ఏడ్చిన పిల్లకి ఏ కీడూ జరగదని.

ఆ సీను పిల్లల్ని అంతగా కుదిపేయడానికి కారణం ఒకటుంది. పుస్తకంలో ఆర్టాక్స్ మాట్లాడుతుంది. ఆ ఊబిలో అడుగు వేసిన కొద్దీ గుండెల్లో దిగులు పెరిగిపోతోందని, ఇక నడవలేనని అదే చెప్తుంది. అట్రేయు మెడలో మహారాణి ఇచ్చిన పతకం ఉంది కాబట్టి ఆ దిగులు అతన్ని అంటదు, ఆ పతకం నీ మెడలో వేస్తానంటాడు, గుర్రం వద్దంటుంది, అది ఇంకొకరికి ఇవ్వడానికి నీకు హక్కు లేదంటుంది. ఆఖర్న ఒక్కటే అడుగుతుంది: నా చావు నువ్వు చూడొద్దు, వెళ్ళిపో అని. అంటే అక్కడ ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని విడిపోతారు. సినిమాలో గుర్రానికి మాటల్లేవు. పిల్లవాడు కళ్ళెం పట్టి లాగుతూ, బతిమాలుతూ, తిడుతూ, గొంతు చించుకుని అరుస్తుంటాడు, గుర్రం మాత్రం అలా నిలబడే ఉంటుంది, బురద మెడ దాకా వస్తుంది. జవాబు రాని ఆ మౌనాన్నే పిల్లలు తట్టుకోలేరు. పుస్తకం దొరికితే ఆ పేజీ మీరు తెలుగులో చెప్పుకుంటూ చదివి వినిపించండి, పాప మళ్ళీ ఏడుస్తుంది, కానీ ఈసారి ఏడుపు వేరేగా ఉంటుంది.

ఇక మీ వెలితి సంగతి. మీ ఉత్తరం వచ్చాక నేనూ ఆ సినిమా మళ్ళీ చూశాను, ముప్పై అయిదేళ్ళ తర్వాత. మొదటిసారి చూసినప్పుడు నాకు పదకొండేళ్ళు, సాలిగ్రామంలో మా మేడ మీది వాళ్ళు డెక్కు అద్దెకి తెచ్చి రాత్రంతా వరసగా వేసిన క్యాసెట్లలో ఇదొకటి. ఇంగ్లీషు సగం అర్థం కాలేదు. ఆ తెల్ల డ్రాగన్ మీద కుర్రాడు ఎగిరి, తనని ఏడిపించిన వాళ్ళని వీధుల్లో తరిమి తరిమి చెత్తకుండీలో దూకిస్తుంటే చప్పట్లు కొట్టాం, అంతే గుర్తు. ఈసారి నా కళ్ళు ఇంకోచోట ఆగాయి. సినిమా మొదట్లోనే ఓ పొద్దున బాస్టియన్ (అట్రేయు కథ ఉన్న పుస్తకం చదివే కుర్రాడు వీడే) వాళ్ళ నాన్న వంటింట్లో మిక్సీలో పచ్చిగుడ్డు కొట్టి పోస్తూ కొడుకుతో మాట్లాడతాడు. అమ్మ చనిపోయింది. పిల్లవాడికి అమ్మ కలలోకి వచ్చింది. నాన్న వింటాడు, తెలుసురా అంటాడు, ఆ తర్వాత వెంటనే లెక్కల టీచరు ఫోను చేసిన సంగతి గురించి, పగటికలలు మాని నేల మీద నడవడం గురించి చెప్తాడు. గ్లాసెడు గుడ్డు జ్యూసు తాగి వెళ్ళిపోతాడు. ఇక సినిమా మొత్తంలో ఆ మనిషి మళ్ళీ కనిపించడు! పిల్లవాడు ఇంటికి రాకుండా బడి అటక మీద కూచుని రాత్రి దాకా చదువుతుంటే వెతికినట్టు కూడా చూపించరు. ఆఖర్న కుర్రాడు డ్రాగన్ ఎక్కి రౌడీ పిల్లల మీద కసి తీర్చుకున్నాడు గానీ ఇంటికి వెళ్ళలేదు. మీకు వెలితిగా తోచింది ఇదే అయ్యుంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. చిన్నప్పుడు మనకి డ్రాగన్ చాలు. పిల్లల్ని కన్నాక మాత్రం, ఆ ఇంట్లో తండ్రి ఏమైపోయాడో అన్న ఆలోచన వస్తుంది.

ఇలా ఎందుకైందంటే సినిమా సగం పుస్తకమే. మిఖాయేల్ ఎండే అనే జర్మన్ రచయిత 1979లో రాసిన నవల ఇది, మొత్తం 26 అధ్యాయాలు. వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ 1984లో తీసిన సినిమా దాదాపు పన్నెండో అధ్యాయం దగ్గర ఆగిపోతుంది. బాస్టియన్ ఆ కథలోని లోకాన్ని ఏలే బాల మహారాణికి కొత్త పేరు పెట్టడంతో శూన్యం మింగేసిన ఆ లోకం మళ్ళీ మొలకెత్తుతుంది, ఆ తర్వాత వాడు ఇంకా ఎన్నో కోరికలు కోరాడనీ, చివరికి తన లోకానికి తిరిగొచ్చాడనీ, అది వేరే కథ అనీ ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు. ఆ వేరే కథే పుస్తకంలో అసలు కథ.

రెండో సగంలో ఆ పతకం బాస్టియన్ మెడలోకి వస్తుంది. దాని వెనక రాసి ఉంటుంది, నీకు ఏది కావాలో అది చెయ్ అని. వాడు లావుగా, పిరికిగా ఉండే పిల్లవాడు (సినిమాలో సన్నటి కుర్రాణ్ణి పెట్టారు), అందుకని అందం కోరతాడు, బలం కోరతాడు, ధైర్యం కోరతాడు, అన్నీ వస్తాయి. మన ‘పాతాళభైరవి’లో తోటరాముడు కూడా కోరతాడు, మేడ లేస్తుంది, సిరి వస్తుంది, విగ్రహాన్ని మాంత్రికుడు కొట్టేస్తాడేమోనన్న టెన్షన్ ఒక్కటే గానీ కోరినందుకు అతను చెల్లించేది ఏమీ లేదు. ఇక్కడ అలా కాదు. ఒక్కో కోరిక తీరినప్పుడల్లా బాస్టియన్‌కి తన పాత లోకపు జ్ఞాపకం ఒకటి పోతుంది, పోయినట్టు వాడికే తెలియదు. అందగాడైపోగానే ఒకప్పుడు లావుగా ఉండేవాణ్ణన్న సంగతి మర్చిపోతాడు. అలా అలా చక్రవర్తి కావాలన్న దాకా వెళ్ళి, వద్దన్న స్నేహితుడు అట్రేయునే కత్తితో గాయపరుస్తాడు. అప్పుడు ఒక ఊరు కనిపిస్తుంది, వాడిలాగే కోరుతూ కోరుతూ జ్ఞాపకాలన్నీ పోగొట్టుకున్న మనుషుల ఊరు, అక్కడ వాళ్ళు అక్షరాలున్న పాచికలు దొర్లిస్తూ కూచుంటారు. ఎప్పటికైనా ఏదో ఒక కథ దానంతట అదే పడుతుందని వాళ్ళతో ఆ ఆట ఆడిస్తుంటారు. పిల్లల పుస్తకాల్లో ఇంతకంటే భయపెట్టే చోటు నేను చదవలేదు.

ఆ తర్వాతిదే నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. మంచు కింద ఒక గని ఉంటుంది, మనుషులు మర్చిపోయిన కలలు అందులో పల్చటి రేకుల్లా పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంటాయి. తన పేరు తప్ప ఏమీ మిగలని బాస్టియన్ రోజూ చీకట్లో దిగి, పడుకుని, చేత్తో తడుముకుంటూ ఒక్కో రేకూ పైకి తెస్తాడు. చాలా రోజులకి ఒక బొమ్మ దొరుకుతుంది. తెల్లకోటు వేసుకున్న ఒక మనిషి, చేతిలో ప్లాస్టర్‌తో పోతపోసిన పళ్ళ సెట్టు, మొహంలో దిగులు, కానీ మంచుగడ్డలో బిగుసుకుపోయి ఉన్నాడు. ఎవరో బాస్టియన్‌కి తెలియదు, అయినా ఆ మనిషి దగ్గరికి వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటుంది. అది వాళ్ళ నాన్న. కట్టుడుపళ్ళు చేసే పని ఆయనది. ఆ బొమ్మ పట్టుకునే వాడు జీవజలం దాకా చేరి, దోసిట్లో నాన్న కోసం నీళ్ళు తీసుకుని బయల్దేరతాడు. దారిలో ఒలికిపోతాయి. ఇంటికొచ్చి జరిగిందంతా చెప్తుంటే నాన్న కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, ఎప్పుడూ చూడని కన్నీళ్ళు. అప్పుడు తెలుస్తుంది వాడికి, ఆ నీళ్ళు తేగలిగానని.

ఇది చదివినప్పుడు నేను ఉద్యోగంలో కుదిరాను, పాతికేళ్ళు దాటాయి. మా అమ్మ నాకు పదేళ్ళప్పుడే పోయింది. మా నాన్న ప్రెస్సులో కంపోజిటర్, సీసపు అక్షరాలు ఏరి పేర్చే పని, రాత్రి ఎప్పటికో గోళ్ళ సందుల్లో ఇంకుతో వచ్చి, ఇంత అన్నం తిని, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కోపిష్టి కాదు, మాట లేదంతే. ఒకసారి మాత్రం నా పేరులో మొదటి అక్షరం సీసంలో తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. తిరగబడి ఉంది, అద్దంలో చూసుకుంటే సరిగ్గా కనబడింది. ఏమీ అనలేదు. మంచుగడ్డలో మనిషి దగ్గరికొచ్చేసరికి నేను పుస్తకం మూసి చాలాసేపు కూచున్నాను. సినిమా చూసిన వయసులో ఈ సగం నాకెవరైనా చెప్పి ఉంటే ఆయన్ని ఏదో ఒకటి అడిగేవాణ్ణేమో.

అందుకే ఎండేకి కోపం వచ్చిందంటే నేను ఆయన పక్షమే. నిజమేనమ్మా మీరు విన్నది. సినిమా ఆపండి, లేదా కనీసం పేరైనా మార్చండి అన్నాడు, వాళ్ళు ఒప్పుకోకపోతే కోర్టుకెళ్ళి ఓడిపోయాడు, మొదటి టైటిల్స్‌లో తన పేరు తీయించేశాడు. అయితే సినిమా చెడ్డదని మాత్రం నేననను. అప్పటికి పశ్చిమ జర్మనీలో అంత ఖర్చుతో తీసిన సినిమా లేదు, మ్యూనిక్ దగ్గరి స్టూడియోలో ఆ ఊబిని, దంతపు గోపురాన్ని, పదమూడు మీటర్ల డ్రాగన్‌ని నిజంగా కట్టారు, ఆ కట్టిన వాటిలో బరువుంది. రాతి రాక్షసుడు తన పెద్ద పెద్ద చేతులు చూసుకుంటూ, ఇంత బలమైన చేతులై ఉండీ స్నేహితుల్ని పట్టుకోలేకపోయాను అనే సీను ఇప్పుడూ నా గొంతు పట్టేసింది.

పాపతో కలిసి సినిమా పూర్తి చేయండి, ఆ మర్నాటి నుంచి రెండో సగం పుస్తకంలోంచి రోజుకి కాస్త చెప్పండి. ఆ పాచికల ఊరు కథ రాత్రిపూట వద్దు, పగలు చెప్పండి. వీలైతే పాప వాళ్ళ నాన్నని కూడా కూచోబెట్టండి.

ప్రశ్న: ఆ సినిమా షూటింగులో గుర్రం నిజంగానే మునిగి చచ్చిపోయిందని మా ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమా?
– ఒక డిగ్రీ విద్యార్థి, అంబత్తూరు

జవాబు: కాదు బాబూ. ఎన్నో ఏళ్ళుగా తిరుగుతున్న పుకారు అది. బురద కింద లిఫ్టులా దిగే ఒక పలక పెట్టి, దాని మీద కదలకుండా నిలబడటం గుర్రానికి వారాల తరబడి నేర్పించి తీశారు. గుర్రానికి ఏమీ కాలేదు.

ప్రశ్న: మా మనవడికి పదకొండేళ్ళు. పుస్తకం ముందు ఇవ్వాలా, సినిమా ముందు చూపించాలా?
– ఒక తాతయ్య, మాంబళం

జవాబు: పుస్తకమే ముందండీ, సందేహం లేదు. ఒక్క విషయం చూసి కొనండి. అసలు పుస్తకాన్ని రెండు రంగుల సిరాతో అచ్చువేశారు, పిల్లవాడి లోకం ఒక రంగు, కథలోని లోకం ఇంకో రంగు. రంగు మారినప్పుడల్లా పిల్లలు తలెత్తి చూస్తారు, ఆ ఆనందం చూడాలి. ఇంగ్లీషు అనువాదంలో కూడా రెండు రంగులున్న ప్రతి దొరికితే అదే తీసుకోండి. 26 అధ్యాయాలూ ఏ నుంచి జెడ్ దాకా వరసగా ఒక్కో అక్షరంతో మొదలవుతాయి, అది మీరు చెప్పకండి, వాడే కనిపెట్టనివ్వండి.

ప్రశ్న: మన చందమామ సీరియల్స్‌లో ఇంతకు మించిన కథలున్నాయి. వాటినెవరూ సినిమాలుగా ఎందుకు తీయరు?
– ఒక పాత పాఠకుడు, వడపళని

జవాబు: మీరు వడపళనిలో ఉండి ఈ ప్రశ్న అడిగితే నాకు ఒళ్ళు పులకరించింది సార్. చందమామ ఆఫీసు ఒకప్పుడు అక్కడే ఉండేది, ‘పాతాళభైరవి’ తీసిన విజయా వాళ్ళూ అక్కడే ఉండేవారు, ఆ నాగిరెడ్డి–చక్రపాణి గార్లే రెండింటికీ పెద్దలు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు ఏళ్ళ తరబడి సీరియల్స్ రాశారు, చిత్రా గారు బొమ్మలు వేశారు. తీస్తే బావుండునని నాకూ ఉంది. కానీ ఎవరైనా తీస్తే ముందు ఒక పని చేయాలి. ఎండే తన పేరు కోపంతో తీయించేసుకున్నాడు, దాసరి గారైతే సీరియల్ మీద పేరు లేకుండానే రాస్తూ వచ్చారు, మా తరం పిల్లలకి ఆ కథలు రాసిందెవరో పెద్దయ్యాక గానీ తెలియలేదు. తెర మీద మొదటి అక్షరాలు ఆయన పేరే పడాలి, ఆ పక్కనే చిత్రా గారిది.