సందేహాలు – సమాధానాలు: ప్రేక్షకులు స్పందించవచ్చునా?

సందేహం: మా నాటక సమాజం ఈమధ్య వేసిన నాటకం గురించి చిన్న వార్త రాస్తూ, “ప్రేక్షకుల నుంచి మంచి స్పందన లభించింది. హాలు కరతళ ధ్వనులతో మారుమోగింది” అన్నాను. మా సమాజంలోని ఒక పెద్దాయన చదివి, “స్పందన అంటే కన్ను అదరడం. ఇక్కడ ప్రతిస్పందన అనాలి” అన్నారు. నా వాక్యం తప్పేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ పెద్దాయన చెప్పినదాంట్లో సగం ఒప్పు. ఒప్పుకాని సగాన్ని ముందు పక్కన పెట్టేద్దాం. ‘స్పందన’కి చికిత్సగా ‘ప్రతిస్పందన’ వాడమనడం, జ్వరానికి మందుగా ఇంకో డిగ్రీ జ్వరం ఎక్కించడం లాంటిది. పత్రికలవాళ్ళు ‘రెస్పాన్స్’కి స్పందన అన్నారు. తర్వాత ‘రియాక్షన్’ ఎదురైంది, ముందు ‘ప్రతి’ తగిలించారు. ఈ రెండో మాట గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఇక మొదటి మాట. స్పంద ధాతువుకి అర్థం కొంచెంగా కదలడం. ఆ ‘కొంచెం’ చాలా ముఖ్యం. పరుగెత్తడం స్పందనం కాదు, ఊగడం స్పందనం కాదు. మన ప్రయత్నం లేకుండా, ఒక్కోసారి మనకి తెలియకుండా, ఒంట్లో ఒకచోట పుట్టే అదురు స్పందనం. అందుకే శకునశాస్త్రంలో దీనికి అంత గిరాకీ. సుందరకాండ పారాయణ చేసేవాళ్ళకి 29వ సర్గ గుర్తుండే ఉంటుంది. అశోకవనంలో సీత ప్రాణం తీసుకుందామనుకునే వేళ ఆమె ఎడమకన్ను అదురుతుంది. ‘ప్రాస్పందతైకం నయనం సుకేశ్యా మీనాహతం పద్మమివాభితామ్రమ్’ అన్నాడు వాల్మీకి. నీళ్ళలో చేప వచ్చి తగిలితే తామరపువ్వు ఎలా కదులుతుందో అలా కదిలిందట ఆ కన్ను. చేప మనకి కనబడదు, పువ్వు కదలడం మాత్రమే కనబడుతుంది. స్పందన అనే మాటకి నాకు తెలిసిన నిఘంటువులన్నిటిలో ఇంతకంటే మంచి అర్థం దొరకలేదు.

ఇప్పుడు ఇవాళ్టి వార్తలు తిరగేయండి. ‘మంత్రి స్పందిస్తూ’ అని ఉంటుంది. పాపం ఆయనకి ఏ కన్ను అదిరిందో రాయరు. ‘ప్రేక్షకులు విశేష స్పందన ఇచ్చారు’ అని ఉంటుంది. అదురు ఒకరు ఇచ్చేదీ కాదు, ఇంకొకరు పుచ్చుకునేదీ కాదు. ‘మిశ్రమ స్పందన’ అనేది మరీ టెన్షన్ పెట్టే మాట. గుండె ఒక పక్కే కొట్టుకుంటోందంటే ఆ మనిషిని థియేటర్ నుంచి నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇక విడుదలైన రోజే ప్రతి సినిమాకీ జనం ‘బ్రహ్మరథం’ పడుతూనే ఉన్నారు. ఆ రథానికి ఇరుసు ఏనాడో విరిగి ఉంటుంది.

స్పందనము చివరి ‘ము’ పోయి ‘స్పందన’ కావడం గురించి నాకేమీ తగువు లేదు. పాలనము పాలన అయినప్పుడు ఇదీ అవుతుంది. నా తగువంతా, చూసేవాళ్ళ మనసులో జరిగే వేరువేరు పనులన్నిటికీ ఈ ఒక్క మాటని కాపలా పెట్టడం గురించి. మన పూర్వులు ఈ విషయంలో మనకంటే చాలా శ్రద్ధ చూపించారు.

నాట్యశాస్త్రంలో 27వ అధ్యాయం దీనికోసమే ఉంది. నాటకం ఫలించడాన్ని భరతుడు ‘సిద్ధి’ అన్నాడు. సిద్ధి రెండు రకాలు, మానుషి, దైవికి. మానుషిలో మళ్ళీ మాటలతో చూపేది ఒకటి, ఒంటితో చూపేది ఒకటి. మొదటిదానికి ఆయన ఇచ్చిన జాబితా చూడండి: చిరునవ్వు, అరనవ్వు, పెద్దనవ్వు, ‘సాధు’, ‘అహో’, ‘కష్టం’, ఆపైన సభంతా ఒక్కసారి కలకలం. నవ్వునే మూడు మెట్లుగా విడదీశాడు, గమనించారా? ‘కష్టం’ కరుణరసంలో వాడేది, మన ‘అయ్యో’కి అన్నగారు. ఒంటితో చూపేవాటిలో గగుర్పాటు, ఆసనం మీంచి లేవడం, బట్టలు ఇవ్వడం, ఉంగరాలు విసరడం ఉన్నాయి. ‘స్టాండింగ్ ఒవేషన్’ నిన్నగాక మొన్న పడమటి నుంచి దిగిందనుకునేవాళ్ళు ఆ ‘అభ్యుత్థానం’ దగ్గర కాసేపు ఆగాలి. శాలువా కప్పడం కూడా అక్కడి ‘చేలదానం’ వంశంలోదే. కాకపోతే అప్పుడు ఆట చూశాక బట్ట ఇచ్చేవారు. ఇప్పుడు ఆట మొదలుకాకముందే, అదీ ఆడేవాళ్ళకి కాదు, వేదికనెక్కిన అతిథులకి.

చెడగొట్టేవాళ్ళ సంగతీ భరతుడు వదల్లేదు. అసూయతో, పగతో, ఎదుటి జట్టు మీద పక్షపాతంతో కొందరు ప్రదర్శన పాడుచేస్తారంటూ వాళ్ళ పనులు చెప్పాడు. అదేపనిగా నవ్వడం, ఏడవడం, అరవడం. పేడ, మట్టిబెడ్డలు, చీమలు విసరడం. చీమలు! ముందుగా పట్టి, పొట్లం కట్టి, సభకి తెచ్చేంత ఓపిక ఉన్న పగ అది. ఇవాళ కూర్చున్నచోటి నుంచే ఫోన్‌లో ఒక చుక్క రేటింగ్ నొక్కి ఊరుకునేవాళ్ళు ఆ రోజుల్లో అయితే ఎందుకూ పనికొచ్చేవాళ్ళు కాదు.

అసలు విషయం దైవికి సిద్ధి. ‘న శబ్దో యత్ర న క్షోభో’ అని మొదలవుతుంది ఆ శ్లోకం. చప్పుడు లేదు, కలవరం లేదు, ఉత్పాతం లేదు, రంగం నిండుగా ఉంది. అదే అన్నిటికంటే పై మెట్టు. కాళిదాసు దీన్ని ఒక్క వాక్యంలో బొమ్మ కట్టాడు. శాకుంతలం ప్రస్తావనలో నటి గ్రీష్మ ఋతువు మీద పాట పాడుతుంది. సూత్రధారుడు సభవైపు చూసి అంటాడు, ‘అహో రాగబద్ధచిత్తవృత్తి రాలిఖిత ఇవ సర్వతో రంగః’. రాగానికి మనసు కట్టుబడిపోయి సభంతా బొమ్మ గీసినట్టు ఉందట. ఇక్కడ రంగం అంటే వేదిక కాదు, చూసేవాళ్ళు. ఈ అర్థం మనం పూర్తిగా పోగొట్టుకున్నాం. మనకిప్పుడు రంగం మీద నటుడు తప్ప ఎవరూ లేరు. ఇంతా అయ్యాక సూత్రధారుడు, సరే, ఇప్పుడు ఏ నాటకం ఆడి వీళ్ళని మెప్పిద్దాం అంటాడు. ఇందాకే చెప్పారు కదా అని నటి గుర్తు చేయాల్సి వస్తుంది. పాట విని ఆడేవాడే ఆట మరిచిపోయాడు.

ఈ సభని మన విలేకరి చూసి ఉంటే ‘ప్రేక్షకుల నుంచి స్పందన కరువైంది’ అని రాసేవాడు. వాడు అక్షరాలా నిజమే రాసినట్టు, ఎందుకంటే బొమ్మలు కదలవు. ఆ కరువు కోసమే కాళిదాసు నాటకం రాశాడని మాత్రం వాడికి తెలియదు.

తెలుగులో దీనికి నాకు ఇష్టమైన మాట ‘తలయూపు’. ఇది చెప్పకుండా నేను ముందుకి వెళ్ళలేను, క్షమించాలి. నన్నెచోడుడు కుమారసంభవం మొదట్లో అంటాడు: సత్కవి కావ్యమైనా, విలుకాడు పట్టిన అమ్ము (బాణం) అయినా ఎదుటివాడి గుండెలో దిగి తల ఊపించాలి. ‘తల యూఁపింపని యది కావ్యమె’ అని నిలదీస్తాడు. బాణం తగిలినవాడి తల వాలిపోతూ ఊగుతుంది. పద్యం తగిలినవాడి తల మెప్పుతో ఊగుతుంది. ఒకే క్రియకి చావూ మెప్పూ రెండూ కట్టాడు. సంస్కృతంలో త్రివిక్రమభట్టు నలచంపువులో ఇదే పోలిక ఉంది. ‘న ఘూర్ణయతి యచ్ఛిరః’ అన్నాడాయన. ఘూర్ణిల్లడం అంటే గిర్రున తిరగడం. మన తలయూపులో ఉన్న మెత్తదనం దానికి లేదు. ఇది నా తెలుగు పక్షపాతమే అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇంకో సంగతి. నన్నెచోడుణ్ణి 1909లో అచ్చువేసి మనకి చూపించినవారు మానవల్లి రామకృష్ణకవిగారు. నాట్యశాస్త్రాన్ని కాశ్మీర పండితుడు అభినవగుప్తుడి వ్యాఖ్యతో కలిపి పరిష్కరించి, 1926 నుంచి బరోడాలో సంపుటాలుగా వెలువరించినవారూ ఆయనే. భరతుడి అభ్యుత్థానమూ, నన్నెచోడుడి తలయూపూ ఒకే మనిషి చేతుల మీదుగా మన ఇళ్ళకి వచ్చాయి. నన్నెచోడుడు నన్నయకి ముందువాడని ఆయన వాదించడం వల్ల రేగిన దుమారం వేరే కథ. ఆ దుమ్ములో ఈ పద్యం చాలామంది కళ్ళకి ఆనలేదు.

తలయూపు కాక మనకి ‘ఊఁకొట్టడం’ ఉంది. కథ చెప్పేవాడికి నూనె అదే, ఊఁ ఆగితే కథ ఆగుతుంది. ఇప్పుడు దానికి వినకుండానే ఒప్పుకోవడం అనే అర్థం వచ్చిపడింది. ‘భళా’ భద్ర శబ్దం ప్రాకృతంలో ‘భల్ల’ అయి వచ్చిన రూపం. ‘శభాష్’ పారశీకం, ‘శాద్ బాష్’, సంతోషంగా ఉండు అని. పద్యనాటకాల కాలంలో ‘వన్స్ మోర్’ వచ్చింది. చచ్చి పడిపోయిన పాత్ర లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేదట. మనం ఇంగ్లీషు మాట అరుస్తాం. ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచి మాట ‘ఆంకోర్’ అని అరుస్తారు. ఫ్రెంచివాళ్ళు లాటిన్ మాట ‘బిస్’ అని అరుస్తారు. మెప్పు ఎందుకనో పొరుగువాడి భాషలోనే గట్టిగా వస్తుంది.

చప్పట్ల దగ్గర నాకొక అనుమానం ఎప్పుడూ ఉంది, అవి గుండెకి ఎంత దూరం అని. రోము చక్రవర్తి నీరో పాడుతుంటే చప్పట్లు కొట్టడానికి 5,000 మందికి పైగా కుర్రాళ్ళని తర్ఫీదు ఇచ్చి ఉంచారని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. వాళ్ళ చప్పట్లు మూడు రకాలు, తుమ్మెదల రొద, పెంకులు, ఇటుకలు అని వాటికి పేర్లు. లాటిన్‌లోనే చప్పట్లు కొట్టి నటుణ్ణి వేదిక మీంచి తరిమేయడానికి ఒక క్రియ ఉంది. ఇంగ్లీషు ‘ఎక్స్‌ప్లోడ్’ దాన్నుంచే పుట్టింది. ఇవాళ బాంబు పేలినప్పుడు వాడే మాట ఒకనాడు చెడ్డ నటుడి మీద పేలింది. అంచేత టీవీలో యాంకరమ్మ “గట్టిగా చప్పట్లు వేసుకుందాం” అన్నప్పుడల్లా నాకు నీరో కుర్రాళ్ళే కళ్ళముందు ఆడతారు. చప్పట్లు కొడతారమ్మా, చరుస్తారు. వేసుకోవడానికి అవేమీ చొక్కాలు కావు.

ఇంత కోపం చూపించాక మీకు ఒక నిజం చెప్పకపోతే దొంగతనం అవుతుంది. అభినవగుప్తుడు తన శైవగ్రంథం తంత్రాలోకంలో, మూడో ఆహ్నికంలో (అధ్యాయంలో), ఒక మాట అన్నాడు. తీయని పాట విన్నప్పుడో, చందనం తాకినప్పుడో, ‘నాకేం పట్టింది’ అనే తటస్థభావం తొలగి గుండెలో కలిగే ‘స్పందమానత’ ఉంది చూశారా, అదే ఆనందశక్తి, దానివల్లనే మనిషి సహృదయుడవుతున్నాడు అని. ‘హృదయే స్పందమానతా’ అన్న మాట ఆయనదే. పాటకీ వినేవాడికీ మధ్య స్పంద ధాతువుని కూర్చోబెట్టింది విలేకరులు కాదు, అభినవగుప్తుడంతటివాడు. మీ పెద్దాయనకి ఈ శ్లోకం చూపించండి. నాకు చూపించినవారు ఉన్నారు, అప్పటినుంచే నేను కాస్త తగ్గాను. బయట బొమ్మలా కూర్చున్న రంగమే లోపల అదురుతూ ఉండవచ్చు. పువ్వు కదలకపోయినా చేప తగలవచ్చు.

కాబట్టి ‘ఆ సన్నివేశానికి ప్రేక్షకులు స్పందించారు’ అంటే ఒప్పుకుంటాను, కొంచెం గొణుగుతూ. ‘స్పందన లభించింది’ అంటే ఒప్పుకోను. అయితే లోకం నా ఒప్పుదల కోసం ఆగలేదు. ఆ వాడుక స్థిరపడిపోయిందని వాదించేవారిని నేను ఓడించలేను కూడా. మీ వార్తకి మటుకు నా సలహా ఒకటే. జనం ఏం చేశారో అది రాయండి. నవ్వారా, ఎంత నవ్వారు? ఏడ్చారా? తెర పడ్డాక కాసేపు ఎవరూ లేవలేదా? అదేదీ మీకు గుర్తులేకపోతే అప్పుడు ‘ఆదరించారు’ అనండి, మర్యాదగా ఉంటుంది.

మీరు అడగకపోయినా ఇంకొకటి. ‘కరతళ’ వద్దు. కరతలం అంటే అరచెయ్యి. కరతలామలకంలో ఉన్నది అదే. కరతాళం అంటే చప్పట్లు. ‘కరతల ధ్వని’ అని లకారంతో రాసేవారు అరచేతుల చప్పుడు అని సమర్థించుకుంటారు, పోనిద్దాం. మీరు రాసింది మాత్రం ఆ రెండింటికీ మధ్యలో పడింది. పసిపిల్లల చేతులు పట్టుకుని ‘చప్పట్లోయ్ తాళాలోయ్’ అని పాడతాం కదా, తెలుగు మాటా సంస్కృతం మాటా అందులో పక్కపక్కనే ఉన్నాయి. అందులో మొదటిది వాడండి.