రోహిణి కార్తెలో ఓవర్‌క్లాకింగా?

ప్రశ్న: అన్నా, నాది రైజెన్ 5 5600ఎక్స్, బీ450 బోర్డు. కూలర్ ప్రాసెసర్‌తో పాటు బాక్సులో వచ్చిందే. ఒక వీడియో చూసి ఓవర్‌క్లాక్ చేద్దామని, అంటే ప్రాసెసర్‌ని మామూలు కంటే ఎక్కువ వేగంతో నడుపుదామని, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) అన్ని కోర్లకూ 4.6 గిగాహెర్ట్జ్, వోల్టేజ్ 1.35 పెట్టాను. గేమ్ మొదలైన కాసేపటికే ఫ్యాన్ హోరు, టెంపరేచర్ 95, తర్వాత కంప్యూటర్ దానంతటదే ఆగిపోతోంది. ప్రాసెసర్ పోయిందా? లిక్విడ్ కూలర్ కొనాలా?
– డిగ్రీ విద్యార్థి, చీమకుర్తి

జవాబు: పోలేదులే తమ్ముడూ, టెన్షన్ పడకు. వేడి మరీ మితిమీరితే ప్రాసెసర్ తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు లోపలే ఉంటుంది. ముందు బయోస్‌లోకి వెళ్లి లోడ్ ఆప్టిమైజ్డ్ డీఫాల్ట్స్ కొట్టి సేవ్ చెయ్. దాంతో ర్యామ్ వేగం కూడా కిందికి పడిపోతుంది, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) మళ్లీ ఆన్ చెయ్యడం మర్చిపోకు. ఇది మర్చిపోయి "ఓవర్‌క్లాక్ తీసేశాక సిస్టమ్ స్లో అయింది" అనేవాళ్లు చాలామంది.

ఇప్పుడు లెక్క చూడు. క్లాక్ ఎంత పెంచితే వేడి అంతే పెరుగుతుంది, కానీ వోల్టేజ్ పెంచితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. అన్ని కోర్లూ పనిచేసేటప్పుడు నీ ప్రాసెసర్ మామూలుగా 4.3 దగ్గర, 1.2 వోల్టుల మీద నడుస్తోందనుకుందాం. దాన్ని 4.6కి, 1.35కి లాగితే వేగం 7 శాతం పెరిగింది, వేడి మాత్రం 35 శాతం దాకా పెరిగింది. పైగా 5600ఎక్స్‌ని కంపెనీయే 4.6 వరకు బూస్ట్ అయ్యేలా ఇచ్చింది, ఒకటి రెండు కోర్ల మీద పని పడినప్పుడు అదే పైకి వెళ్తుంది, గేముల్లో ఎక్కువగా అక్కరకొచ్చేదీ అదే. ఇంత వేడి భరించి నువ్వు కొత్తగా సంపాదించింది దాదాపు ఏమీ లేదు.

ఇంకో సంగతి, ఆ వీడియో చేసినాయన ఏసీ గదిలో కూర్చుని ఉంటాడు. గాలిదైనా నీళ్లదైనా ఈ కూలర్లు ప్రాసెసర్‌ని గది గాలి కంటే చల్లగా చెయ్యలేవు. 22 డిగ్రీల గదిలో 75 చూపించే సెట్టింగే రేకుల ఇంట్లో గది 39కి చేరినప్పుడు అటూ ఇటూగా 92 చూపిస్తుంది. ఒంగోలు, నెల్లూరు వైపు ఎండాకాలంలో బయట 44, 45 మనకేం కొత్త కాదు కదా. అందుకే మనవైపు ఏ సెట్టింగైనా మే నెల మధ్యాహ్నం పరీక్షించాలి, సంక్రాంతికి నిక్షేపంగా ఉన్నది రోహిణి కార్తెలో చేతులెత్తేస్తుంది.

పైగా నీది చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి అయిపోతుంది, పొడి మాత్రం మనకే మిగులుతుంది! ఆ సన్నటి పొడి కూలర్‌లోని హీట్ సింక్ లోహపు రెక్కల మధ్య పేరుకుని, ఉక్కపోత తేమకి గట్టిపడితే ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి లోపలికి పోదు. నెలకోసారి బ్లోయర్‌తో ఊదు, కానీ ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకో, లేకపోతే అది అతి వేగంగా తిరిగి బేరింగ్ పోతుంది. క్యాబినెట్‌ని కంప్యూటర్ టేబుల్ కింద చెక్క గూట్లో తోసి ఉంటే ఈ రోజే బయటికి లాగు. ఒక చిన్న పరీక్ష: పక్క తలుపు తీసి అదే గేమ్ ఆడి చూడు, ఐదారు డిగ్రీలు దిగితే లోపం కూలర్‌ది కాదు, క్యాబినెట్‌లో గాలి ఆడకపోవడం. ముందు ఫ్యాన్ లోపలికి, వెనక ఫ్యాన్ బయటికి ఊదేలా ఉన్నాయో లేదో చూసుకో. ఎయిర్ కూలర్ తెచ్చి క్యాబినెట్ ముందు పెట్టే తెలివి మాత్రం వద్దు, అది తేమని నేరుగా బోర్డు మీదికి కొడుతుంది.

లిక్విడ్ కూలర్ నీకు అనవసరం. ఈ ప్రాసెసర్ డీఫాల్ట్‌లో లాగేది గరిష్ఠంగా 76 వాట్లు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, నాలుగు హీట్ పైపులు ఉన్న మామూలు టవర్ కూలర్ దానికి చాలు, దాని ఫ్యాన్ ఆగిపోతే కళ్లకి కనపడుతుంది, లిక్విడ్ కూలర్‌లో పంపు ఆగితే కనపడదు. కొనేముందు క్యాబినెట్ లోపల అంత ఎత్తు పడుతుందో లేదో కొలుచుకో.

పాతది తీసేటప్పుడు జాగ్రత్త. నీది ఏఎం4 సాకెట్ రకం, ఆ ప్రాసెసర్‌కి పిన్నులు అడుగునే ఉంటాయి, కూలర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్ అంటుకుని కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగాయంటే అంతే సంగతులు. పది నిమిషాలు గేమ్ నడిపి వేడెక్కించు, ఆపి ప్లగ్ తీసెయ్, స్క్రూలు విప్పాక కూలర్‌ని పైకి లాగకుండా కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పు, జారినట్టు తెలిశాకే ఎత్తు. కొత్త పేస్ట్ బఠాణీ గింజంత చాలు. కొత్త కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే అది పీకెయ్యి.

ఇవన్నీ అయ్యాక కూడా దురద తీరకపోతే అన్ని కోర్లకీ ఒకే క్లాక్ పెట్టే పని మానేసి, బయోస్ అప్‌డేట్ చేసి, పీబీఓలో (ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్, ఏఎండీ సొంత ఓవర్‌క్లాకింగ్ సెట్టింగ్) కర్వ్ ఆప్టిమైజర్ అని ఉంటుంది, అందులో నెగెటివ్ 10 పెట్టు. అంటే అదే క్లాక్‌కి వోల్టేజ్ తగ్గించడం. వేడి తగ్గుతుంది, ఆ మిగిలిన జాగాలో ప్రాసెసర్ తనే ఇంకాస్త పరుగెత్తుతుంది. నిలబడితే 15, ఆ తర్వాత 20. దీని తంటా ఏంటంటే ప్రాసెసర్‌ని పరీక్షించే సినీబెంచ్ గంటసేపు బ్రహ్మాండంగా నడిచి, ఏ పనీ లేకుండా డెస్క్‌టాప్ మీద ఉన్నప్పుడు రీస్టార్ట్ కొడుతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ అని ఎర్రర్లు కనిపిస్తే ఐదు వెనక్కి రా. పీబీఓతో ప్రాసెసర్ పాడైతే వారంటీ వర్తించదని ఏఎండీ చెబుతుంది, అది తెలిసే ముట్టుకో.

ప్రశ్న: సార్, మా అబ్బాయికి ఐ5 12400, హెచ్610 బోర్డుతో సిస్టమ్ కొన్నాం. ఓవర్‌క్లాక్ చేసిస్తానని షాపతను డబ్బులు అడుగుతున్నాడు. ఇవ్వచ్చా?
– గృహిణి, కావలి

జవాబు: ఇవ్వకండమ్మా. పేరు చివర కె అక్షరం లేని ఆ ప్రాసెసర్ లాక్ చేసి వస్తుంది, దానికి తోడు ఆ బోర్డులోనూ ఓవర్‌క్లాకింగ్ లేదు. ర్యామ్ ఒకటే స్టిక్ ఉందేమో చూడండి. ఉంటే అదే డబ్బుతో అలాంటిదే రెండోది వేయించండి, తేడా తెలుస్తుంది.

ప్రశ్న: ఐ7 13700కె వాడుతున్నాను. ఓవర్‌క్లాక్ చేయకపోయినా గేమ్ తెరిస్తే క్రాష్, అప్పుడప్పుడు బ్లూ స్క్రీన్. కూలింగ్ బాగానే ఉంది.
– వ్యాపారి, నెల్లూరు

జవాబు: ఇది వేడి సమస్య కాకపోవచ్చండీ. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అవసరానికి మించి వోల్టేజ్ అడిగి మెల్లగా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుంది. ఆ ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (బయోస్‌తో పాటు వచ్చే, ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చింది, ఆ తర్వాత ఇంకా కొత్తవి వచ్చాయి. బోర్డు కంపెనీ సైట్ నుంచి తాజా బయోస్ వేయండి. యూపీఎస్ లేకుండా మాత్రం మొదలుపెట్టకండి, మధ్యలో కరెంటు పోతే బోర్డు పోతుంది. ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఆ అప్‌డేట్ బాగుచేయదు. క్రాష్‌లు ఆగకపోతే బిల్లు వెతికి పట్టుకోండి, వీటికి మూడేళ్ల వారంటీని ఇంటెల్ ఇంకో రెండేళ్లు పొడిగించింది.