వేసవి క్యాంపుల్లో ఇంగ్లీషు చెప్పడానికి వరంగల్ నుంచి విదేశాలకు వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ ముందు వీసా సంగతి తేల్చుకోవాలి. "టూరిస్ట్ వీసా మీద పోండి, అక్కడ చూసుకుందాం" అనే ఏజెంట్‌ను అక్కడే వదిలేయండి. జీతం లేకపోయినా, తిండి, వసతికి బదులుగా పాఠం చెప్పినా చాలా దేశాల్లో అది పని కిందికే వస్తుంది. పట్టుబడితే వెనక్కి పంపుతారు, తర్వాతి వీసాలకూ అదే అడ్డం.

దక్షిణ కొరియాలో విదేశీ భాష నేర్పేవాళ్లకు ఇచ్చే ఈ-2 వీసా ప్రధానంగా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న 7 దేశాల పౌరులకే. అమెరికాలో మనకు సరైన దారి జె-1 క్యాంప్ కౌన్సిలర్ వీసా: కనీసం 18 ఏళ్లు, గరిష్ఠంగా 4 నెలలు. పని పాఠాల కంటే పిల్లల్ని చూసుకోవడమే ఎక్కువ. మిమ్మల్ని ఎంపిక చేసుకున్న స్పాన్సర్ సంస్థ జె-1 వీసాకు కావాల్సిన డీఎస్-2019 ఫారం ఇచ్చాకే హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. క్యాంపులు జూన్‌లో మొదలవుతాయి కాబట్టి నవంబర్, డిసెంబర్‌లోనే దరఖాస్తు పెట్టండి. మార్చిలో మొదలుపెడితే స్లాటు దొరకక ఆగిపోతారు.

ఇంకో చిక్కు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఫైలు అక్కడే ఆగొచ్చు. కాకతీయ యూనివర్సిటీ డిగ్రీ ప్రొవిజనల్ మాత్రమే ఉంటే ఒరిజినల్‌కు ఇప్పుడే పెట్టుకోండి. అపోస్టిల్ (సర్టిఫికెట్ అసలైనదేనని విదేశాల్లో చెల్లే ధ్రువీకరణ) అడిగే దేశమైతే ముందు రాష్ట్రంలో అటెస్టేషన్, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. పోలీస్ క్లియరెన్స్‌కు పాస్‌పోర్ట్ సేవా సైట్‌లోనే దరఖాస్తు చేయాలి.

ఒప్పందంలో విమాన టికెట్, బీమా ఎవరి ఖర్చో, వారాంతపు సెలవు ఎన్ని రోజులో రాసి ఉందా చూడకుండా పైసా కట్టకండి.