డైవ్ లాగ్‌బుక్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: ఈ మధ్యే ఓపెన్ వాటర్ స్కూబా కోర్సు పూర్తి చేశాను. కోర్సులో ఇన్‌స్ట్రక్టర్ చెప్పినట్టు లాగ్‌బుక్ నింపాను గానీ, ఇప్పుడు ఏం రాయాలో తోచడం లేదు. లోతు, సమయం, నీటి ఉష్ణోగ్రత డైవ్ కంప్యూటరే దాచుకుంటోంది కదా, మళ్లీ చేత్తో రాయడం ఎందుకు? నా పేజీల్లో ఎక్కడ చూసినా "తాబేలు కనిపించింది, చాలా బాగుంది" అనే ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: తాబేలుని కొట్టేయకండి, ఉండనివ్వండి. కాకపోతే తర్వాతి డైవ్‌కి పడవ మీద సామాను సర్దుతూ, నీళ్లలో మునగడానికి కట్టుకునే సీసం దిమ్మల గురించి "మీకెన్ని కిలోల బరువు కావాలండీ?" అని అడిగినప్పుడు తాబేలు ఏమీ సాయం చేయలేదు. కొత్తవాళ్లకి లాగ్‌బుక్ పనికొచ్చేది అక్కడే.

కంప్యూటర్ గురించి మీరన్నది నిజమే, లోతూ సమయం దానికే బాగా తెలుసు. మీరు ఎన్ని కిలోలు కట్టుకున్నారో, వెట్‌సూట్ మందం ఎంతో, సిలిండర్ అల్యూమినియమో స్టీలో మాత్రం దానికి తెలియదు. నీళ్లు ఉప్పువా మంచివా అన్నదీ కలిపి ఇవన్నీ ఒకే చోట రాయండి, ఎందుకంటే ఉత్త "6 కిలోలు" అని రాసుకుంటే 3 మిల్లీమీటర్ల సూట్‌తో సరిపోయిన ఆ బరువు 5 మిల్లీమీటర్ల సూట్‌తో చాలకపోవచ్చు, అదే సముద్రం నుంచి సరస్సుకి వెళితే సుమారు రెండు కిలోలు తీసేయాల్సి రావచ్చు.

ఆ పక్కనే బరువు సరిపోయిందో లేదో రాయండి. అది తేలేది డైవ్ చివర్లో. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (బార్ అంటే ఒత్తిడిని కొలిచే యూనిట్) దగ్గర ఉండే గాలే సుమారు రెండున్నర కిలోలు తూగుతుంది, పీల్చేకొద్దీ ఆ బరువు తగ్గిపోతుంది, అందుకే దిగేటప్పుడు అంతా బాగున్నా చివర్లో 5 మీటర్ల దగ్గర పైకి వచ్చేముందు ఆగే మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్‌లో కొందరు పైకి తేలిపోతూ ఉంటారు. "50 బార్ దగ్గర బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) ఖాళీ చేసినా కదలకుండా ఉన్నాను" అనో, "తాడు పట్టుకుని వేలాడాను" అనో ఒక్క ముక్క చాలు. నన్నడిగితే పేజీ మొత్తంలో విలువైన వాక్యం ఇదే.

తర్వాత గాలి. మొదట్లో ఎన్ని బార్, చివర్లో ఎన్ని బార్ అన్నది రాస్తే చిన్న లెక్క వేసుకోవచ్చు. 11 లీటర్ల సిలిండర్, 200 నుంచి 60కి వచ్చింది, అంటే 140 బార్, 1540 లీటర్లు. 40 నిమిషాల డైవ్ అయితే నిమిషానికి 38.5. సగటు లోతు 10 మీటర్లనుకుంటే అక్కడి ఒత్తిడి 2 బార్ కాబట్టి దాన్ని రెండుతో భాగించండి, నీటి పైన లెక్కన నిమిషానికి సుమారు 19 లీటర్లు. ప్రవాహానికి ఎదురీదినా, చలేసినా, టెన్షన్ పడినా ఈ అంకె పెరుగుతుంది, అందుకని కారణం కూడా రాయండి. పక్కవాళ్ల అంకెతో పోల్చుకుని దిగులుపడొద్దు, ఒంటి పరిమాణాన్ని బట్టీ మారుతుంది.

చెవులు ఏ లోతులో ఇబ్బంది పెట్టాయి, అద్దె ఫిన్స్ ఏ సైజు పట్టాయి, మాస్క్ కారిందా, ఇవి రెండు మాటల్లో చాలు. రాసేది మాత్రం ఆ రోజే, వీలైతే రెండు డైవ్‌ల మధ్య విరామంలోనే. రోజుకి మూడు డైవ్‌లు చేస్తే సాయంత్రానికి ఏది ఏదో కలిసిపోతుంది.

ప్రశ్న: ఫోన్‌లో యాప్ ఉంటే పుస్తకం అక్కర్లేదా? బడ్డీ (జంటగా డైవ్ చేసినవాళ్లు) సంతకం, స్టాంపు తప్పనిసరా?
- మరో పాఠకుడు

జవాబు: ఏదైనా పర్వాలేదు, యాప్ అయితే అప్పుడప్పుడూ మరో చోట కాపీ పెట్టుకోండి. కంప్యూటర్ అద్దెది అయితే తిరిగి ఇచ్చేముందే వివరాలు ఎక్కించుకోండి. సరదా డైవ్‌లకి సంతకం గురించి ఎవరూ పెద్దగా పట్టుబట్టరు, కానీ కొత్త డైవ్ సెంటర్‌లో సర్టిఫికేషన్ కార్డుతో పాటు చివరి డైవ్ ఎప్పుడని అడుగుతారు, బాగా ఎడం వచ్చి ఉంటే ముందు రిఫ్రెషర్ చేయమంటారు. ముందుముందు డైవ్‌మాస్టర్ (డైవర్లని వెంటబెట్టుకుని తీసుకెళ్లేవారు) కావాలన్న ఆలోచన ఉంటే ఇప్పటి నుంచే సంతకాలు పెట్టించుకోండి. పాడీ అనే స్కూబా శిక్షణ సంస్థ పద్ధతిలో ఆ కోర్సు మొదలుపెట్టడానికి 40, పూర్తి చేయడానికి 60 లాగ్ చేసిన డైవ్‌లు ఉండాలి.